మోకరించుదము

పుస్తకంల ఎర్ర అక్షరాలతో ఉంటది:
ఇచ్చట అందరును మోకరింతురు.
పవిత్ర శుక్రవారం నాడు పదిసార్లు.

ఇరవై రెండేండ్ల సంది నేను ఉపదేశిని.
"మోకరించుదము" అని పిలిచేది నేనే,
కొంచెంసేపు మౌనం,
"లేవుడు" అని లేపేదీ నేనే.
మర్రిగూడ దాటినంక, మా ఊళ్లె,
ఆ మాట అనడానికి నోరు రావాలె.

బోరునీళ్లు తాగి తాగి
మోకాళ్లు బిగుసుకపోయిన ఊరు.
జోజమ్మ గోడకు ఆనుకొని నిలబడతది.
మెడ తిరగదు,
సిలువను చూడాలంటే మనిషంత తిరగాలె.
ఇన్నాసి నడుము ఎప్పుడో వంగింది,
వంగుమని ఆయనకు కొత్తగ చెప్పేదేముంది.
"లేవుడు" అన్నప్పుడే
అటుదిక్కు చూడను.

మొదటి ప్రార్థన తిరుసభ కొరకు.
పిల్లలు వంగుతరు లేస్తరు, ఆట లెక్క.
పెద్దోళ్లు రెప్పలతోనే మోకరిస్తరు.
తొమ్మిదోది, ప్రభుత్వం నడిపేవారి కొరకు.
అక్కడికొచ్చేసరికి వెనుకనుంచి జోజమ్మ:
"ఇది వాళ్లకు ఇనపడతదా అయ్యా?"

ఫాదర్ పుస్తకంల వేలు పెట్టుకొని ఆగిండు.
నేను లేపుడు మరిచిన.
బయట బోరింగు కాడ
ఎవరిదో బిందె నిండుతున్న చప్పుడు.

పండుగ తెల్లారి సోమవారం.
నల్లగొండ కలెక్టరాఫీసు, ప్రజావాణి.
బస్సుల సీట్లు ఖాళీగున్నా
సగం మందిమి నిలబడే పోయినం,
కూసుంటే లేవలేనోళ్లం.
టోకెను నూట పద్నాలుగు.
నా చేతిల సీసా, సీసాల మా నీళ్లు.
గురువారం రాత్రి పాదాలు కడిగినయీ ఇవే,
ఆదివారం ద్రాక్షరసంల
ఫాదర్ ఒక్క చుక్క కలిపినయీ ఇవే.
తేటగనే ఉంటయి,
ఏ పాపం ఎరగనట్టు.

అర్జీ నేనే రాసిన.
చెయ్యి పాత రాగమే అందుకుంది:
మలుపుకాడ ఆగిపోయిన పైపు కొరకు,
గారపండ్ల బడిపిల్లల కొరకు,
మంచం దిగని పదకొండుమంది కొరకు.
గుమస్తా చదివి నవ్విండు,
"ఏందయ్యా, పూజ చదివినట్టు రాసినవ్?"
చివర ఆమెన్ అని రాసి కొట్టేసిన,
కొట్టేసింది కూడ కనపడుతనే ఉన్నది.

పైపు సంగతి ఇంకా తేలలే. అది వేరే.
ఆనాడు మాత్రం,
కొత్తగ వచ్చిన ఆఫీసరు పిల్ల
"ముందు కూసోండి పెద్దాయనా" అన్నది.
ఇన్నాసి నేలకేసి ఏదో చెప్పిండు.
ఆమెకు వినపడలే.
మళ్లా చెప్పిండు.
ఆమె కుర్చీ దిగి ఇవతలికొచ్చింది,
వంగి చూసింది, మొహం అందలే.
చీర కుచ్చిళ్లు సర్దుకొని
ఒక మోకాలు బండమీద ఆనించింది.

హాలంత ఒక్క క్షణం ఊకున్నది.
అలవాటు కొద్దీ నా నాలుక చివరికొచ్చింది
లేవుడు అని.
పండ్ల నడుమ పట్టి ఉంచిన.