మంచు మీద రేటు

"మూడింటికే లేవాలె" అన్నడు పోశెట్టి.
"ఆగస్టు నెలల, మస్కట్‌ల,
ఏ ఇనుము నిజం చెప్తది?
పగటీలి ప్రతి ఇంజనూ కాలుతనే ఉంటది.
అమ్మేటోడు ఇప్పుడే తిప్పి ఆపిండా,
ఎండ తిప్పిందా, ఎట్ల తెలుస్తది?
బాంగు కంటె ముందు పోయి చెయ్యి పెట్టాలె."

అందుకే సీబ్‌ల, చేపల వాసనొచ్చే ఒక సందుల
పరాయి గోడ పక్కన
దొంగల లెక్క నిలబడ్డం.

హిలాల్ గేటు తీసిండు
పెదవి మీద వేలు పెట్టుకొని.
లోపల ఏసీ గుర్రుమంటున్నది.
రేకుల కింద నీలం యమహా,
పదమూడు వందల సీసీ,
నడుముకు అటొకటి ఇటొకటి పెట్టెలు,
కుడితి తొట్టికి వొంగిన దున్న లెక్క.
ఒళ్ళంత తడి.

అరచెయ్యి పెట్టిన.
చల్లగ.
పదహారేండ్లల ఈ దేశంల
ఫ్రిజ్జుకు అవతల నేను ముట్టిన మొదటి చల్లటి ఇనుము.

పోశెట్టి ఫోను లైటు నోట్ల కరుచుకొని కిందికి దూరిండు.
చైను లేదు, షాఫ్టే. నూనె కారలే.
ఎడమ దిక్కు గీతలు:
"నిలబడి పడ్డది, ఉరికి పడలే."
టైరు మీది నాలుగంకెలు చదివి నాలుక చప్పరించిండు.
"ఏడేండ్లది. ఇక్కడ టైరు తిరిగి అరగదు రా,
నిలబడి ముసలిదైతది."
ఆ మాట టైరును దాటి నా దాక వచ్చింది.
ఏమనలే.

ఇంట్లోల్లు లేస్తరని
ముగ్గురం సందు చివరిదాక తోసినం.
మూడు వందల కిలోలు, చెమట, సముద్రం.
రెండో తిప్పుకు అందుకున్నది.
గొంతుల కీచు లేదు, దగ్గు లేదు.

సర్వీసు పుస్తకం ఇచ్చిండు.
అరబ్బీ రాత రాదు నాకు,
అంకెలొస్తయి, నంబరు ప్లేట్లు నేర్పినయి.
డెబ్బై ఒక్క వేల కిలోమీటర్లు.
పోయినేడు మొత్తం కలిపి నలభై.
ఎందుకని అడిగితే కుడి మణికట్టు చూపిచ్చిండు.
సగమే తిరిగింది.

"ఎంత?"
మళ్ళ పెదవి మీద వేలు.
ట్యాంకు మీది మంచుల రాసిండు:
ఒకటి, రెండు, చుక్క, చుక్క.
వాళ్ళ సున్న చుక్క. వాళ్ళ అయిదు మన సున్న.
లిఫ్టు మెకానిక్కుగ వచ్చిన కొత్తల
అయిదో అంతస్తుల మనుషులు ఇరుక్కుంటే
కింద వెతుక్కుంట తిరిగిన, ఈ తిరకాసుకే.

అరచేత్తోని తుడిచి తొమ్మిది వందలు రాసిన.
నవ్విండు. సీటు మీదికి జరిగి రాసిండు.
నేను పెట్టె మూత మీద.
ఆయన అద్దం మీద.
తుడిచిన జాగల మంచు మళ్ళ పుట్టది,
కింద ఇంజను, పైన సూర్యుడు,
బేరం కొద్దికొద్దిగ ఎండిపోతున్నది.

ఆఖరికి పెట్రోలు మూత పక్కన
రొట్టెంత తడి మిగిలింది.
ఒకటి, చుక్క, అయిదు, చుక్క.
నాకు రాసేటందుకు జాగ లేదు.
తలూపిన.

"ఇంట్లె పదిహేను వందలని చెప్పిన"
అన్నడు హిలాల్, ఇసుకల చూసుకుంట.
పోశెట్టి దగ్గుతున్నట్టు అటు తిరిగిండు.

"ఇంత బండి ఎందుకు రా నీకు?"
తిరిగొచ్చేటప్పుడు అడిగిండు.
పదహారేండ్లు పైకీ కిందికే పోయిన మనిషిని.
అడ్డంగ పోవుడు ఎట్లుంటదో సూద్దామని.

రాత్రి భూలక్ష్మికి ఫోను చేసిన.
"పాత బండొకటి కొన్న."
"మైలేజెంత?"
"పదహారు."
జర సేపు సప్పుడు లేదు.
"సైకిలు కొనకపోతివా.
ఎంత పెట్టినవ్?"
"రేపు చెప్త. చార్జింగ్ అయిపోతున్నది."

శుక్రవారం తెల్లారకముందు కిందికి దిగితే
బండి మీద మళ్ళ మంచు.
మంచుల నుంచి పైకి తేలినయి
పన్నెండు వందలు, తొమ్మిది వందలు,
ఒకదాని మీద ఒకటి, సగం తుడిచినయి.
పెట్రోలు మూత పక్కన మాత్రం
ఎవరూ తుడవని వెయ్యిన్ని యాభై,
చుక్కలతోని సహా.

గుడ్డ తీసిన. మళ్ళ పెట్టెల పడేసిన.
కురియాత్ దాక పోతే
గాలికే ఆరుతయి.