పదకొండో పద్దు

ఐరన్ బే నగర సభలో
మినిట్సు రాసేది నేను.
ఎవరేమన్నారో రాస్తాను.
ఎవరు ఎక్కడ ఆగిపోయారో రాయను,
ఆ గడి మా ఫారంలో లేదు.

ఫిబ్రవరి. సరస్సు గడ్డకట్టి
పడవల రేవు దాకా తెల్లగా నడిచొచ్చింది.
హాల్లో హీటరు ఒక పక్కే పనిచేస్తోంది,
జనమంతా ఆ పక్కకే చేరారు.
తలుపులోంచి చూస్తే
ఊరు ఊరంతా ఒరిగినట్టుంది.

పదకొండో పద్దు: పోలీసు కార్లకు కెమెరాలు, పద్నాలుగు.
లెఫ్టినెంట్ హాల్వర్సన్ లేచి
పాత కెమెరా ఒకటి బల్ల మీద పెట్టాడు,
చచ్చిన పిచ్చుకను దించినట్టు, మెల్లిగా.
తొమ్మిదేళ్లదట. చేసిన కంపెనీ ఇప్పుడు లేదట.
రాత్రిపూట వాన పడితే
నంబరు ప్లేటు పిండిముద్దలా కనిపిస్తుందట.
మరమ్మతు ఒప్పందానికి మాత్రం ఏటేటా కడుతున్నాం.
గుర్రం గుడ్డిదైనా దాణా తగ్గదు కదా.

కొత్తవి అలా కాదన్నాడు.
కారు మీద దీపాలు వెలగకముందటి
ముప్పై సెకన్లు కూడా దాచిపెడతాయి,
బొమ్మ ఉంటుంది, మాట ఉండదు.
"ఏం జరగబోతోందో ఎవరికీ తెలియని అరనిమిషం" అన్నాడు.
అని, తనే కాస్త జంకాడు.
నేను రాసుకున్నాను:
సాంకేతిక వివరణ ఇచ్చారు.

కోశాధికారి ఆస్ట్రాండర్‌ది ఎప్పుడూ జలుబు గొంతు.
"కెమెరా ఒక్కసారే కొంటాం,
అది చూసింది దాచడానికి నెలనెలా అద్దె."
మూడేళ్లు దాచాలంటే
స్కేటింగ్ మైదానానికి మంచు యంత్రం ఈ ఏడూ రాదు.
ఏడాదైతే, లైబ్రరీకి ఆదివారాలు తాళం.
తొంభై రోజులైతే
ఎవరికీ ఏమీ తగ్గదు.

ఎవరికీ, అని టైపు చేసి
కాసేపు ఆ మాట వైపే చూశాను.

చలి పక్క కుర్చీల్లోంచి ఒక్కావిడే లేచింది.
వెర్నా లగార్డ్, స్కూలు క్యాంటీన్లో వంట.
"వాళ్లది తప్పని చెప్పడానికి రాలేదు.
ఒప్పని చెప్పడానికీ కాదు.
మా కార్విన్ ఒకటి చెబుతాడు,
ఆ ఆఫీసరు ఒకటి చెబుతాడు.
తొమ్మిదో నంబరు కారు చూసింది,
దాన్ని అడగండి అన్నాను.
నూట నాలుగో రోజున అడిగాను.
చెరిగిపోయింది అన్నారు, పాతదాని మీద కొత్తది పడుతుందట.
ముందే ఎందుకు అడగలేదు అంటున్నారు.
మావాడి దవడకి తీగలు కట్టారండీ.
తీగలు విప్పాక కూడా
చాన్నాళ్లు వాడు నోరు తెరవ—"

గంట మోగింది. పౌరులకు మూడు నిమిషాలు.
ఆవిడ ఆ మాటని అక్కడే వదిలేసి కూర్చుంది.

ఏడాదికి పెంచుదామన్నాడు ముసలి ప్రుసాక్.
బలపరిచేవాళ్లు లేరు, పడిపోయింది.
తొంభై రోజులకు నలుగురు, వద్దని ముగ్గురు.
పన్నెండో పద్దు: పార్కు బెంచీల రంగు.
దాని మీద నలభై నిమిషాలు మాట్లాడారు.

నా మినిట్సుకి గడువు లేదు,
చట్టం ప్రకారం అవి శాశ్వతం.
కింద నేలమాళిగలో ఇనప బీరువా ఉంది.
అందులో నా తాత పుట్టకముందటి కాగితం,
పోలీసు గుర్రానికి దాణా, పదకొండు డాలర్లు,
సిరా కూడా వెలవలేదు.

తొమ్మిదిన్నరకి లైట్లార్పి బయటికొచ్చాను.
గ్యారేజీ మెకానిక్ టామ్‌చాక్
తొమ్మిదో కారు అద్దం మీది మంచుని
మోచేత్తో తుడుస్తున్నాడు,
కెమెరా ఉన్న చోట మాత్రం, అరచేయంత.
దాని ముందు వెర్నా నిలబడి ఉంది,
చేతులు కోటు జేబుల్లో,
ఫొటోకి నిలబడ్డ మనిషిలా.

నన్ను చూసి, ఆరో నంబరు బస్సు పోయిందా అని అడిగింది.
పోయింది.
నా కారెక్కించుకున్నాను. హీటరు తన వైపు తిప్పాను.
ధాన్యం గోదాములు దాటాం, వంతెన దాటాం.
ఆవిడ ఏదో మొదలుపెట్టి మానేసింది.
ఎర్రదీపం దగ్గర ఆగాం.
ఇంకేం బళ్లు లేవు,
అయినా ఆగే ఉన్నాం.