గుణుపురంలో నాలుగు డిస్కులు

"బూటు నేదంటంది మేడమ్,
చెప్పులు చాలవేటి దీనికి?" అని
నవ్వించబోయి తనే నవ్వలేకపోయాడు కోరాడ సన్యాసి.
స్టూడియో బయట కాలేజీ పిల్లలు,
ఫారాలకి ఆఖరి రోజు,
పాస్‌పోర్టు ఫొటోలకి మెట్ల దాకా వరస.

నల్లటి తెర మీద తెల్లగా ఒకే ఒక్క వాక్యం:
బూట్ అయ్యే డిస్కు ఏదీ దొరకలేదు.

మూత విప్పాను.
ఫ్యాను రెక్కల మీద సన్నటి వంశధార ఇసుక.
పెళ్లిళ్ల డిస్కు ఉంది,
రథయాత్రల డిస్కు ఉంది,
మొన్న బరంపురంలో కొన్న కొత్త ఎస్సెస్‌డీ
అట్టముక్కంత తేలిగ్గా వేలాడుతోంది.
బయాస్‌లో పేరు పేరునా పిలిస్తే
మూడూ పలికాయి.

వరస మార్చాను. కేబుళ్లు మార్చాను.
గుండీ బ్యాటరీ మార్చితే
గడియారం రెండువేల తొమ్మిది నుంచి ఇవాళ్టికొచ్చింది,
కంప్యూటరు రాలేదు.

కొత్తదాన్ని ఒక్కదాన్నే ఉంచి అడిగాను.
విండోస్ అంతా అందులోనే ఉంది,
గదులు, కిటికీలు, అన్నీ.
గుమ్మమే లేదు.

"ఇందులోంచి ఏమైనా తీశారా?"
"ఏటీ తియ్యనేదు."
ఎవరితోనో ఒడియాలో బేరం తెంచి
తెలుగులో చిల్లర లెక్కపెట్టుకుని
అప్పుడన్నాడు:
"పాతదొకటి... టకటకమంటంటే తీసీసినాను.
దాన్లో ఏటీ నేదు మేడమ్, ఖాళీ."

ఎక్కడుంది?

కౌంటరు మీదే ఉంది.
ఇంకా కత్తిరించని మొహాల దొంతర
గాలికి లేచిపోకుండా
పైన కూర్చుని ఉంది.
ఎనభై జీబీ. ఒక మూల సొట్ట.

కొత్తది పెట్టిన రోజు
పాతదాన్ని ఎవరూ విప్పి పక్కన పెట్టలేదు.
కాపురానికొచ్చిన విండోస్
తాళంచెవి తీసుకెళ్లి దాని దగ్గరే దాచింది.
ఖాళీ అన్నచోట వంద ఎంబీ.
పేరు లేదు, అక్షరం లేదు,
వెతికే కళ్లకి కనపడదు.

తగిలించాను.
టక్. టక్.
కాసేపు ఏమీ లేదు.
తర్వాత తెర నీలంగా తెల్లారింది,
మెట్ల మీద వరస కదిలింది.

తాళంచెవిని కొత్తదాంట్లోకి రాయడానికి
ఒక్క వరస ఆజ్ఞ చాలింది,
తెచ్చిన టీ చల్లారను కూడా లేదు.
పాతది ఊడదీసి మూడుసార్లు ఆర్పి వెలిగించాను.
మూడుసార్లూ లేచింది.

"మరింక దీంతో పన్నేనట్టేనా?"

నేను బిల్లు రాసుకుంటున్నాను,
రెండొందల యాభై, బ్యాటరీ విడిగా.
ఆయనే తీసుకెళ్లి
మళ్లీ ఆ ఫొటోల మీద పెట్టాడు.
పెట్టిన చెయ్యి వెంటనే తీయలేదు.
ఇంకా వెచ్చగానే ఉన్నట్టుంది.