బొటనవేలి ఆలస్యం

చాదర్‌ఘాట్ గ్రౌండుకి ఆరింటికే వస్తాను.
రాత్రి వాన పడితే ముందు వైపర్, తర్వాతే విజిల్.
నీళ్లు మూసీ వైపు తోసేసి
బోర్డు కింద పెట్టె గీతకు
నాలుగు మూలల్లో నాలుగు కోన్‌లు పెడతాను.
నాలుగంటే మూడే. నాలుగోది ఎవరిదో పాత చెప్పు.

ఇక్కణ్ణుంచి ముందుకు ఉరుకు.
ఆ మూల దాటి కుడికి, పక్కపక్కకే, కాలు కాలుకు తగలకుండా.
తర్వాత వెనక్కి, వెనక్కి చూడకుండా.
ఆఖరికి ఎడమకు. గీత తొక్కు. వచ్చిన దారినే మళ్లీ పో.
నడుము కిందికి తల్లీ,
నిలబడి జరిగితే అలమారా జరిపినట్టుంటది.

పదకొండు మంది, పద్నాలుగేళ్ల లోపు ఆడపిల్లలు.
పదమూడు సెకన్లలో తిరిగొస్తేనే జిల్లా క్యాంపు.
పైనుంచి వచ్చిన కాగితం మీది అంకె అది,
ఏ చెక్కనేల మీద పుట్టిందో తెలియదు.
మాది సిమెంటు. మధ్యలో ఒక బీట.
అది వచ్చేసరికి పిల్లలందరూ చిన్నగా ఎగురుతారు,
ఇంటి గడప దాటినంత అలవాటుగా.

జెరూషా, పన్నెండు పాయింట్ ఒకటి.
జ్యోత్స్న బీట దగ్గర కాదు, చివర్లో పడింది,
పడ్డచోటి నుంచే చెయ్యి చాచి గీతను ముట్టింది.
చేత్తో ముడితే లెక్కనా మేడమ్?
లెక్కనే. పన్నెండు ఎనిమిది. మోచెయ్యి కడుక్కో ఫో.

నిఖత్, పదమూడు పాయింట్ ఒకటి.

ఆ ఒకటి రాయబోయి పెన్ను ఆగింది.

నిఖత్ ఎట్లా వస్తుందో ఒకరోజు గేటు దగ్గర నిలబడి చూశాను.
నాలుగిళ్లలో పాల ప్యాకెట్లు వేసి, ఖాళీ సంచి భుజాన,
బస్సు ముందు అరడుగు ఆగి,
వెనక్కి ఒకడుగు, వెనక్కి చూడకుండా,
రెండు ఆటోల నడుమ పక్కకు జారి
ఇవతలి గట్టున తేలింది.
నా కోన్‌లు ఏవీ హారన్ కొట్టవు.
అయినా కాగితంలో దానికి గడి లేదు,
జాలికీ లేదు. ఉండకూడదు కూడా.

నా బాధ అది కాదు. నా వేలు.
నిన్న నీళ్లు తాగే విరామంలో
పిల్లలు స్టాప్‌వాచ్ లాక్కుని ఆడుకున్నారు,
నొక్కడం, వెంటనే ఆపడం, ఎవరిది చిన్న అంకె అని.
జెరూషాది సున్నా పాయింట్ సున్నా తొమ్మిది.
నాది సున్నా పాయింట్ రెండు ఒకటి.
అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.
ఇంటికెళ్లి అన్నం వండుతూ నవ్వలేదు.

విజిల్ నాదే గనక మొదలు సరిగ్గానే నొక్కుతాను.
ముగింపు అట్లా కాదు. కన్ను చూడాలి,
వేలికి చెప్పాలి, వేలు వినాలి.
ఈ లోపల నా నలభై తొమ్మిదేళ్లలోంచి కొంత
వెళ్లి ఆ పిల్ల పేరు పక్కన పడుతుంది.
అందరికీ అదే వేలు కదా, అంటుంది
నాలో ఎక్కడో ఉన్న లెక్కల టీచరు.
అవును. కానీ అందరూ పదమూడు అంచున నిలబడి లేరు.

పన్నెండు తొమ్మిది అని రాయలేదు.
పదమూడు ఒకటి అనీ రాయలేదు.
మళ్లీ ఉరకాలె, అన్నాను.
క్యోం మేడమ్, నేనేమన్న తప్పు చేసిననా?
నువ్వు కాదు. అందరూ మళ్లీ. పదకొండు మందీ.
అబ్బా, అని పది గొంతులు. నిఖత్ మాత్రం లేసు గట్టిగా కట్టుకుంది.

విజిల్‌ను ట్రాక్‌ప్యాంటుకు తుడిచి
వాచీతో పాటు జెరూషా చేతిలో పెట్టాను.
నీ పరుగు నిఖత్ చూస్తది, దాని పరుగు నువ్వు చూడు.
ఒక్క లిప్త కూడా ఎక్కువ ఇయ్యకు, తక్కువ ఇయ్యకు.

ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక
వంకరైన చెప్పును మూలకు సర్దాను.
విజిల్ మోగింది. నిఖత్ వంగింది, లేచింది, బీట దాటింది,
వెనక్కి వెళ్తూ నా వైపు చూడలేదు.
ఆఖరి గీత మీద దాని మడమ పడ్డప్పుడు
జేబులో నా బొటనవేలు
ఏమీ లేని చోట ఒకసారి నొక్కింది,
కొంచెం ఆలస్యంగా.