బాతు మీద దావా

బల్లినా కోర్టు వరండాలో
చెమ్మ పట్టిన బెంచీ మీద
అట్ట ఊడిన పుస్తకం.
ఎన్ని తరాల వేళ్లు తిప్పాయో, మూలలు నల్లబడ్డాయి.

అందులో ఒక బాతు మీద దావా:
పొరుగువాడి మడుగులో అనుమతి లేకుండా ఈదిందని.
వకీళ్లు లాటిన్‌లో కొట్టుకుంటారు.
బాతు ఒక్కటే
అడిగినదానికి సూటిగా జవాబిస్తుంది.

బయట వాన. లోపల వాయిదా.
ఫెర్గల్ టూహీ కంచె తగాదాకి పదకొండో ఏడు.
గొర్రెలు అమ్ముడుపోయాయి, కంచే కూలిపోయింది,
ఫైలు మాత్రం ఒళ్లు చేసింది.
చదువుతూ చదువుతూ పగలబడ్డాడు.
అవతలి కక్షిదారు డిలియా
భుజం మీంచి తొంగిచూసి
"తిప్పు" అంది.
పదకొండేళ్లలో మొదటి మాట.

చివరి పేజీ లేదు.

బంట్రోతు పేర్లు పిలిచాడు.
ఇద్దరూ లేచి
అతన్నే అడిగారు:
"మా సంగతి సరేగానీ,
ఆ బాతు గెలిచిందా?"