ఎనిమిది ఐసుముక్కలు

కనిగిరి ఆస్పత్రిలో మూడో మిషను మాది.
సోమ, గురువారాలు. పామూరు నుంచి ఫస్టు బస్సు.

మాల్యాద్రికి రోజంతా కలిపి అరలీటరు నీళ్లే.
అందుకే చిన్న ఫ్లాస్కులో ఐసుముక్కలు తెస్తాను.
ఎనిమిది. లెక్క తప్పను.
నాకు దప్పికైతే వరండా చివరికి పోయి
గోడవైపు తిరిగి తాగుతాను.

పక్క మంచం మీద తొమ్మిదో తరగతి పిల్లోడు,
పెదాలు పగిలి.
వాళ్లమ్మ మస్తాన్‌బీ తడిగుడ్డ అద్దుతోంది.
మా ఫ్లాస్కు మూత చప్పుడుకి
వాడు కళ్లు తెరిచాడు.

"రెండు అటియ్యి" అన్నాడు ఈయన.
"మనకే చాలవు."
"అటియ్యి మే."

ఇచ్చాను. మంచి మనసుతో కాదు.
సూదులున్న ఆ చెయ్యి
తనే మూత తీయబోతుందేమోనని ఇచ్చాను.

బస్సులో నేను మాట్లాడలేదు.
బొట్లగూడూరు దాటాక ఆయన నోరు పిడచకట్టింది.
ఫ్లాస్కు వంచితే ఒక్క చుక్క.
దాన్ని నాలుక మీద పెట్టుకుని,
ఆ పిల్లోడు ఐసు కొరికిన చప్పుడు
పళ్లతో చేసి చూపించి
నవ్వాడు. పిచ్చిమనిషి.

బుధవారం రాత్రి
ట్రేలో డబ్బానీళ్లు పోస్తుంటే
చెయ్యి
ఎనిమిది దగ్గర ఆగలేదు.