ట్రాలీ తీగ కింద

వాల్పరైసోలో కొండ మీద ఇల్లు.
మెట్ల కింది సామాన్ల అర నా స్టూడియో.
గోడలకు పాత కంబళ్లు, తలుపుకి చిరిగిన పరుపు,
ఒక మైకు, ఒక కంప్యూటరు,
మోకాళ్లు ముడుచుకుంటే నేనూ.

పగలంతా ట్రాలీ బస్సు నడుపుతాను.
పైన రెండు తీగలు, లోపల నలభై మంది.
తీగ తప్పిందంటే దిగి, తోలు గ్లవ్సు తొడిగి,
తాడు లాగి మళ్లీ తగిలించాలి.
ఎనిమిదేళ్లుగా తీగలే నా కూడూ గుడ్డా.
ఆరు తీగలది మాత్రం ఇప్పటికి కుదిరింది.

ఎలెయుతేరియో కొట్టుకి మూడు శనివారాలు తిరిగాను.
ఒక్కటే కొనగలనన్నాను.
కుయేకా నాట్యానికి గలగలలాడాలి,
బొలేరోకి గొంతు తగ్గించాలి,
మేనల్లుడు బల్తసార్ వచ్చి మెటల్ అంటే
పళ్లు పటపటా కొరకాలి.
"నీకు కావలసింది గిటారు కాదు యాస్నా,
అన్నిటికీ తలూపే ఇల్లరికపుటల్లుడు" అన్నాడు.

నా దగ్గర లక్షా ఎనభై వేల పెసోలు.
అందులో నలభై వేలు పంటి డాక్టరువి.

ఎర్రది చూడగానే చెయ్యి చాచాను.
బిరడాలు వదులు.
పాట సగంలోనే శ్రుతి మెట్లు దిగి వెళ్లిపోయింది.
నల్లది బరువు, రెండూ లావు పికప్‌లే.
ఏ స్వరం మీటినా
కడుపునిండా తిని మాట్లాడుతున్నట్టుంది.

మూలన మీగడ రంగుది.
ఎవరో స్టిక్కరు పీకేసిన చోట తెల్లటి చతురస్రం.
మెడ వెనక, ఎవరి బొటనవేలో
ఏళ్ల తరబడి రుద్ది వదిలేసిన నునుపు.
రెండు సన్నపు పికప్‌లు, బ్రిడ్జి దగ్గర ఒక లావుది,
ఐదు చోట్ల ఆగే మీట.
నా బస్సు కన్నా బుద్ధిగా ఆగింది.

సన్నవాటిలో గుయ్యిమని రొద.
"అంతే మరి" అన్నాడు.
"కింద వీధిలో మీ ట్రాలీ తీగలు కదా, వాటిని వింటోంది.
లావుదానికి మార్చు, చెవులు మూసుకుంటుంది."
బేరమాడాను. లక్షా అరవై.
పన్ను వచ్చే నెలకి.

రాత్రి అరలో కూర్చుని
ఒళ్లు కొంచెం కొంచెంగా తిప్పాను,
రొద సన్నగిల్లే దిక్కు కోసం.
చీపురుకట్టలకు ఎదురుగా దొరికింది.
మెడ దగ్గరి పికప్, అమ్మ పాడే బొలేరో.
రెండో చరణంలో
గుయ్యి మెల్లగా లేచి, నిండి,
మలుపు దాటి, తగ్గిపోయింది.
ఆపలేదు. చెరపలేదు.
పై స్వరం నొక్కినప్పుడల్లా పన్ను సలిపింది,
అది మాత్రం రికార్డవలేదు.

ఆదివారం బల్తసార్ హెడ్‌ఫోన్లు పెట్టుకుని
మొహం చిట్లించాడు.
"అత్తా, మధ్యలో ఆ గుయ్యి ఏమిటి?"

"రిగోబెర్తో. చివరి ట్రిప్పు.
తొమ్మిది నిమిషాలు ఆలస్యం."